నిల్వ: సున్న

డులూత్‌లో నవంబరంటే
సరస్సు ఇంకా గడ్డకట్టదు, కానీ ఆ పని మీదే ఉంటుంది.
రెండో అంతస్తులో మా కౌంటరు.
గాజు అడుగున అరచెయ్యి పట్టేంత సందు.
ఆ సందు ఇవతల కూర్చుని ముప్పై రెండేళ్లుగా
తండ్రుల జీతాలు లెక్కపెడుతున్నాను.

వెర్నన్ కెట్టునెన్.
ఇనపరాయి ఓడలకెత్తే రేవులో పని.
నెలకు మూడొందల పన్నెండు డాలర్లని
జడ్జి చెప్పిననాటికి పాప బ్రిట్టాకు
ఎనిమిది నెలలు, రెండు పళ్లు.

ఇవ్వలేదు.
లేదా ఇచ్చాడేమో, చేతికి, రసీదు లేకుండా,
ఓసారి పొగబెట్టిన చేపల పొట్లంతో పాటు.
చేపలకు మా ఫారంలో గడి లేదు.

మొదట జీతంలో కోత.
అతను రేవు మాని కలప మిల్లులో చేరాడు.
కొత్త కొలువు సంగతి అతని తల్లికన్నా ముందు
మా కంప్యూటరుకు తెలిసింది.
తర్వాత పన్ను వాపసు.
తర్వాత బ్యాంకు ఖాతా: నలభై ఒక్క డాలర్లు,
జప్తు ఖర్చులకే చాల్లేదు.
తర్వాత డ్రైవింగ్ లైసెన్సు.
లైసెన్సు లేక మిల్లుకు పోలేదు,
మిల్లుకు పోక జీతం లేదు,
జీతం లేక కోతా లేదు.
ఆ ఉత్తరం కింద సంతకం నాదే.
గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే,
ఆ రోకలి ఎలా ఉంటుందో నన్నడగండి:
తెల్ల కవరు, చిన్న కిటికీ ఉన్నది.

అప్పుడే జాలిపడకండి అతని మీద.
మార్లిస్‌ను మీరు చూడలేదు.
వృద్ధాశ్రమంలో రాత్రంతా దుప్పట్లు ఉతికి
పొద్దున్నే నేరుగా వచ్చేది,
కోటు కింద పైజమాతోనే ఉన్న పిల్లను చంకనేసుకుని.
ఒకటే మాట: "పడిందా?"

ఒక శీతాకాలం పడింది.
గీకుడు లాటరీలో వెర్నన్‌కు పదకొండొందలు తగిలాయి.
డబ్బు అతని జేబు చేరేలోపు మేం పట్టేశాం.
ఆఫీసులో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.
మార్లిస్ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే,
నిమిషంన్నర సేపు.

తర్వాత చెప్పాల్సి వచ్చింది.
పద్నాలుగు నెలలు మీరు సర్కారు సాయం తిన్నారు కదా,
ముందు ఆ బాకీ తీరాలి.
వసూలు మీ పేరున. జమ ప్రభుత్వానికి.

ఆమె అరవలేదు.
అరిస్తే ఏం చెయ్యాలో మాకు శిక్షణ ఇచ్చారు.
ఫారం అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది,
"పిల్ల బూట్ల సైజు రాయడానికి
ఇందులో చోటెక్కడ?"

పద్దెనిమిదేళ్లకు పిల్ల పెరగడం ఆగుతుందని చట్టం.
బాకీకి అలాంటి నియమమేమీ లేదు.
బ్రిట్టా బడి దాటింది, ఊరు దాటింది,
మార్లిస్‌ను హిల్ అవతలి శ్మశానంలో పూడ్చారు.
నెలనెలా అతని పింఛనులోంచి
అరవై నాలుగు డాలర్లు వస్తూనే ఉన్నాయి,
కుళాయి సరిగా కట్టని ఇంట్లో చుక్కల్లా.

మొన్న గురువారం తెర మీద: నిల్వ సున్న.
ఇంతకాలం ఆ అంకె కోసమే కదా పని చేశాను.
లేచి, కాఫీ పోసుకుని, తాగడం మర్చిపోయాను.

ఈరోజు తనే వచ్చాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు.
లైసెన్సు తిరిగిచ్చే కాగితం సందులోంచి తోశాను.
తడుముకుని అందుకుని, ముక్కు దాకా తెచ్చుకుని,
"ఇది కాదు," అన్నాడు. "రసీదు."

ఇచ్చాను. అతను చదవలేదు.
వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు.
తనను కారులో తెచ్చినావిడ
ముప్పై దాటి ఉంటుంది,
ఆ కాగితం తీసుకుంది, మడిచింది,
జేబులో పెట్టుకుంది. మాట్లాడలేదు.
లిఫ్టు కోసం ఇద్దరూ చెరో గోడకు నిలబడ్డారు.
ఆమె కాళ్లు విదిలించి మంచు దులుపుకుంటోంది.

మంచి బూట్లే.
సైజు ఎంతో
ఇక్కణ్ణుంచి కనిపించదు.